కుంకుమ ఊట

బొజ్జయ్యకు చెప్పులంటే పడదు. ఇరవై రెండేళ్లుగా ప్రాజెక్టు మీద లష్కరు. ఆఫీసు వాళ్లు ఇచ్చిన రబ్బరు బూట్లలో ఒకదాంట్లో వేపపుల్లలు, ఇంకోదాంట్లో చింతగింజలు దాచుకున్నాడు. తూము ఎత్తడం, దించడం, కాలువ కాయడం లష్కరు పని. తెల్లారగానే కట్ట అడుగు వెంబడి ఒట్టికాళ్లతో నడవడం మాత్రం ఎవరూ చెప్పని పని, ఆయన సొంతానికి పెట్టుకున్నది. నేల ఎక్కడ చల్లబడిందో, ఎక్కడ మెత్తబడిందో ఆయన పాదాలకు తెలిసేది.

ప్రాజెక్టంటే ఏదో గొప్పగా ఊహించుకోకండి. పినపాక నుంచి అడవి దారిన పోతే నల్లమడుగు వాగు వస్తుంది. రెండు గుట్టల మధ్య ఆ వాగుకు అడ్డంగా పోసిన మట్టికట్ట, ఒక తూము, మిగులు నీళ్లు దుమికే ఒక అలుగు, అంతే. కట్ట కింద ముప్పై ఇళ్ల గూడెం. బొజ్జయ్య కూతురు దుర్గను ఇచ్చింది ఆ గూడేనికే.

కట్ట అడుగున మద్దిచెట్టు దగ్గర మొదటినుంచీ ఒక ఊట ఉంది. పనిలో చేరిన కొత్తలో ముసలి సూపర్‌వైజరొకాయన దాన్ని చూపించి ఒక్క మాట చెప్పాడు. నీళ్లు తేటగా వస్తే భయం లేదు, మట్టి రంగు తిరిగితే కట్ట లోపల కోసుకుపోతున్నట్టు, ఇక ఒక్క గడియ కూడా ఆగొద్దు అని. ఆనాటి నుంచి బొజ్జయ్య రోజూ గాజు సీసాతో ఆ నీళ్లు ముంచి, బీడీ కాలేదాకా పక్కన పెట్టి, అడుగున మట్టి దిగిందేమోనని ఎండకు ఎత్తి చూసేవాడు.

రెండు వేల నాలుగు వేసవిలో ఇటుక బట్టీల వాళ్లు ఆ చోటనే మట్టి తవ్వడం మొదలుపెట్టారు. వద్దని మొత్తుకుంటే ఈయన మాట లెక్కచేసిన పాపాన పోలేదు. ఆఫీసులో చెబితే కాగితం రాసిమ్మన్నారు. ఒళ్లు మండిపోయింది బొజ్జయ్యకు. గూడెమంతా తునికాకు కోయడానికి అడవికి పోయిన రోజు వాగులోని నిలువెత్తు నల్లరాయికి గొలుసు బిగించి, ఎడ్లను కట్టి ఈడ్చుకొచ్చాడు. గొలుసు రెండుసార్లు తెగింది, ఒక పూట పట్టింది. రాయిని ఊట పక్కన నిలబెట్టి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, కట్ట మైసమ్మ కలలోకి వచ్చి ఇక్కడ ఉంటానందని ఊరంతా చెప్పాడు. మర్నాటినుంచి గడ్డపార దించిన వాడు లేడు.

ఆ ఎత్తు బాగానే పారింది, అవసరానికి మించి పారింది. మంగళవారం వస్తే ఆడవాళ్లు ఊటలో పసుపు కుంకుమలు కలిపేవాళ్లు. పిల్లల్లేని దుర్గ అక్కడ ముడుపు కట్టింది, ఏడాది తిరిగేసరికి కొడుకును ఎత్తుకుంది. నీళ్లు ఎప్పుడు చూసినా ఎర్రగానే ఉంటే సీసాలో ఇక కనిపించేదేముంది? పైగా అమ్మవారి నీళ్లలో సీసా ముంచడానికి ఆయనకే చెయ్యి రాలేదు. సీసా చూరులో చేరింది. తాను నిలబెట్టిన రాయి ముందు తానే కళ్లు మూసుకుని దండం పెట్టుకునేవాడు. అబద్ధం తనదే, భయం మాత్రం నిజమైనదే.

రెండు వేల ఆరు ఆగస్టులో నాలుగు రోజులు వాన తెరిపివ్వలేదు. బొజ్జయ్య నాలుగు రోజులూ అలుగు దగ్గరే, కొట్టుకొచ్చిన మొద్దులు తప్పిస్తూ ఉండిపోయాడు. ఐదో రోజు మధ్యాహ్నం వాన ఒక్కసారిగా ఆగింది. కాకి అరవలేదు. కప్పలు కూడా నోరు మూసుకున్నాయి. ఆ నిశ్శబ్దంలో కట్ట కిందనుంచి ఆడవాళ్ల కేకలు వినిపించాయి.

ఆయన దిగి వెళ్లేసరికి అమ్మ పొంగిందంటున్నారు. ఊట పిడికిలి లావున చిమ్ముతోంది, పారాణిలా ఎర్రగా. దుర్గ చంకలో పిల్లవాడితో అందరికంటే ముందు నిలబడి ఉంది. కుంకుమ ఎవరు పోశారని బొజ్జయ్య అడిగాడు. ఎవరూ పోయలేదు. నాలుగు రోజులుగా గడప దాటినవాళ్లే లేరు. మనం రాలేదని అమ్మే పోసుకుందని గూడెం పెద్దావిడ కళావతి చెంపలు వేసుకుంది.

అన్నం ఉడికే కుండ మీద మూత అదిరినట్టు బొజ్జయ్య పాదాల కింద నేల అదురుతోంది. కట్ట మీది తన గుడిసెకు పరుగెత్తి, నీళ్లు దిగిపోవాలని తూము షట్టరు పైకంటా ఎత్తి, చూరులోని సీసా తెచ్చాడు. బీడీ ముట్టించే పని లేకపోయింది. చూస్తుండగానే రెండు వేళ్ల మందాన ఎర్రమట్టి అడుగున దిగింది.

"అమ్మ గాదు ఇది. కట్ట లోపలి మట్టి" అన్నాడు. "ఈ రాయి నేనే ఎడ్లు గట్టి ఈడ్చుకొచ్చిన. కల గూడ అబద్ధమే. జల్దీ గుట్ట ఎక్కుండ్రి."

"నోరు కడుక్కో బొజ్జయ్యా. అమ్మ ఇంటది" అంది కళావతి. ఒక్కరూ కదలలేదు.

దుర్గ మాత్రం సీసా వైపు, తండ్రి వైపు మార్చి మార్చి చూసింది. "అయితే నా ముడుపు ఎవలకు ముట్టింది నాయినా?"

బొజ్జయ్య సీసా ఆమె చేతిలో పెట్టాడు. యాభై ఏడేళ్ల మనిషి వంగి, ఆ రాయిని రెండు చేతులా పెకలించి భుజానికెత్తుకున్నాడు. అమ్మను ఎత్తుకుపోతున్నాడని ఆడవాళ్లు గోల పెట్టారు. ఆయన కావాలనే గూడెం నడివీధిలోంచి గుట్ట వైపు నడిచాడు. మగవాళ్లు కర్రలు పట్టుకుని వెంటపడ్డారు, పిల్లలు వాళ్ల వెంట. నడవలేని ముసలివాళ్లను దుర్గ మంచాల మీద ఎత్తించింది. అమ్మ దగ్గరికే పోతున్నామని వాళ్లకు చెప్పింది. మారు మాట్లాడకుండా వచ్చారు.

గుట్ట పైన రాయి దించేసరికి మగవాళ్లంతా ఆయన్ని చుట్టుముట్టారు. మొదటి కర్ర దెబ్బ భుజాన పడింది. రెండో కర్ర గాల్లో ఉండగానే కింద పెద్ద చప్పుడైంది. కట్ట మధ్యలో కుంగింది. తరవాత నీళ్లే. పశువులు పోయాయి, పొలాలు పోయాయి, ముప్పై ఇళ్లూ పోయాయి. మనిషి పోలేదు.

కర్రలు కింద పడేశారు. ఆ తరవాత, పక్కకు ఒరిగి ఉన్న రాయిని నిలబెడదామని ఐదుగురు మగవాళ్లు పట్టారు. అది జానెడు కూడా జరగలేదు. మళ్లీ పట్టారు. బొజ్జయ్య తానూ ఒక చెయ్యి వేశాడు. కదల్లేదు. ఆయన చెయ్యి తీసేసి, ఎవరిదో అన్నట్టు దాన్ని తిప్పి చూసుకున్నాడు.

దుర్గ వచ్చి పక్కన కూర్చుంది. పిల్లవాడు ఆమె ఒళ్లో నిద్రపోతున్నాడు.

"నిజం చెప్పు నాయినా. నువ్వేనా దీన్ని తెచ్చింది?"

"తెచ్చింది నేనే బిడ్డా" అన్నాడు బొజ్జయ్య. "మోసింది ఎవలో నాకెరుక లేదు."