రంగు పట్టీల దేశాలు

పటాన్‌చెరు నుంచి కందికి బస్సు బాగా నడిస్తే ముప్పావు గంట. ఆ దారి పట్టుకుని ఒక మేళాకు వెళ్లి నేను ఒక్క ఆదివారంలో తొమ్మిది దేశాలు తెలుసుకుని వచ్చాను, అదీ పాస్‌పోర్టు లేకుండా. ఈ మాటంటే మా ఆయన నవ్వుతాడు. నవ్వనివ్వండి. ఇలాంటి మేళా మళ్లీ పెడితే మీకూ వెళ్లాలనిపిస్తుందేమోనని వేళలు, ఖర్చులతో సహా రాస్తున్నాను.

ముందు ఎందుకు వెళ్లానో చెప్పాలి. గుమ్మడిదల దగ్గర ఒక మందుల కంపెనీలో, ప్యాకింగ్ హాల్లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మాత్రల పెట్టెలో, మందు ఎలా వాడాలో చెప్పే మడత కాగితం ఒకటి పెడతాం. ఏ దేశం పెట్టెకు ఆ దేశం కాగితం. కట్టల మీద రంగు పట్టీ ఉంటుంది కాబట్టి దేశం పేరుతో మాకెప్పుడూ పని పడలేదు. ఇవాళ పచ్చ దేశం లోడు, రేపు నీలం దేశం లోడు అనుకుంటాం. మా ప్రపంచ పటం అంతే.

ఇప్పుడు కంపెనీ ఆ పట్టీలు తీసేస్తోంది. వచ్చే నెల నుంచి దేశం పేరు, భాష పేరు ఇంగ్లీషులో వస్తాయట. అందుకని ఎగుమతి లైనుకు ఒక లీడరు కావాలన్నారు. సోమవారం ఆఫీసరు ఒక్కో కాగితం చూపిస్తాడు. అది ఏ దేశానిదో, ఏ భాషో ఇంగ్లీషులో చెప్పాలి. రాయక్కర్లేదు, నోటితో చెబితే చాలు. తొమ్మిది దేశాల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టారు గానీ ఏ పట్టీ ఏ దేశమో చెప్పలేదు. అందరికంటే ముందు పేరిచ్చింది నేనే. నాకా పని కావాలి. లీడరుకు ఒక స్టూలు ఉంటుంది. పదకొండేళ్లు నిలబడి పనిచేసినవాళ్లకు స్టూలంటే ఏమిటో తెలుస్తుంది.

మా పాప పుస్తకంలోంచి ఒక పట్టిక దింపుకున్నాను. దేశం, అక్కడి మనిషి, అక్కడి భాష. ఫ్రాన్స్, ఫ్రెంచ్, ఫ్రెంచ్. జపాన్, జపనీస్, జపనీస్. కూర తాలింపు వేస్తూ కూడా అదే జపం. పేర్లయితే వచ్చాయి. కాగితాలు మాత్రం బయటికి తేకూడదు, ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి. అందుకని రోజుకు రెండు మూడు అక్షరాలు కంటితో పట్టుకుని, ఇంటికొచ్చి ముగ్గు వేసినట్టు నోటు పుస్తకంలో దించేదాన్ని. అప్పుడే తెలిసింది, కందిలోని పెద్ద క్యాంపస్‌లో ఆదివారం విదేశీ విద్యార్థుల మేళా ఉందని, బయటివాళ్లు కూడా రావచ్చని. ఇంకేం, ఎగిరి గంతేశాను.

ఉదయం 9:10కి పటాన్‌చెరు బస్టాండులో ఉన్నాను. తోడు యాదమ్మక్క. హాల్లో నా పక్క చోటు ఆమెదే. నాకంటే పన్నెండేళ్లు పెద్ద, గుమ్మడిదల పక్క ఊరు. బోరు నీళ్లు పాడయ్యాక సేద్యం తగ్గించుకుని కంపెనీలో చేరింది. ఏడో తరగతితో చదువు ఆపేసింది.

"ఆడ తినేటియి ఏమన్న పెడ్తరా?" గుమ్మడిదల బస్సు దిగుతూనే అడిగింది.

"దేశాల మేళా అక్కా అది."

"ఏం, దేశాలల్ల తినరా?"

9:25కి సంగారెడ్డి బస్సు దొరికింది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. ముత్తంగి దగ్గర లారీల వల్ల పది నిమిషాలు ఆగాం. ఇస్నాపూర్‌లో సీటు దొరికింది. నేను పట్టిక తీసి గొణుక్కుంటుంటే పక్క సీటు పెద్దాయన ఆగలేకపోయాడు. కందిలో పొలమున్న రైతు.

"ఏం పరీక్షనమ్మా?"

చెప్పాను. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని తనే మాస్టారైపోయాడు. "డెన్మార్కుల ఉండేటోళ్లను ఏమంటరు?"

"డేన్స్. భాష డేనిష్."

"పోలండ్?"

"పోల్స్. పోలిష్."

వెనక సీట్లోంచి ఎవరో "షాబాష్" అన్నారు. నాకు ఒళ్లంతా ఉత్సాహం. పెద్దాయన పుస్తకం తిరిగిస్తూ, "గా క్యాంపస్ పోరగాండ్లు రోజు మా పొలం పక్కపొంటే సైకిళ్ల మీద పోతరు. ఏ దేశమోళ్లో నేనెన్నడు అడగలె" అన్నాడు కాస్త సిగ్గుగా.

10:15కి క్యాంపస్ గేటు. అక్కడ రిజిస్టరులో పేరు, ఫోను నంబరు, ఆ పక్కన నేషనాలిటీ అని ఒక గడి. నా జన్మలో ఆ గడి నింపడం అదే మొదటిసారి. 'ఇండియన్' అని ఇంగ్లీషులో గుండ్రంగా రాశాను. యాదమ్మక్క అదే గడిలో తెలుగులో 'గుమ్మడిదల' అని రాసింది. గార్డు అది చూశాడు. పైన ఎవరో 'సదాశివపేట' అని రాసిన వరుస చూపించి లోపలికి పంపాడు.

పది నిమిషాలు నడిస్తే పెద్ద హాలు. బల్లకొక జెండా, బల్లకొక దేశం. మొదటి బల్ల బ్రెజిల్ అమ్మాయిది. నేను దాచుకున్న ఇంగ్లీషంతా బయటికి తీసి, "మీరు బ్రెజిలియన్, మీ భాష బ్రెజిలియన్" అన్నాను. ఆ పిల్ల నవ్వి, భాష పోర్చుగీస్ అంది. మా పాప పుస్తకంలో లేని దేశాలకు, దేశం పేరే భాషకు కూడా అతికిస్తే సరిపోతుందని నేనే లెక్క వేసుకున్నాను మరి! నోటు పుస్తకం తెరిచి పచ్చ పట్టీ బొమ్మ చూపించాను. కింద తోక ఉన్న సి, నెత్తిన అల ఉన్న ఏ. ఆ పిల్ల కళ్లు మెరిశాయి. ఇది మాదే అని ఎగిరింది.

పచ్చ దేశం దొరికింది! నేను ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుని, "పదకొండేళ్లుగా మీ పెట్టెలు సర్దుతున్నాను తల్లీ" అన్నాను తెలుగులో. ఏం అర్థమైందో ఏమో, వాటేసుకుంది.

ఇథియోపియా బల్ల దగ్గర మళ్లీ అదే పొరపాటు. మీరు ఇథియోపియన్ మాట్లాడతారా అంటే, ఆ కుర్రాడు సీరియస్‌గా మొహం పెట్టి, "మీరు ఇండియన్ మాట్లాడతారా?" అన్నాడు. బడిలో అమ్హారిక్, ఇంట్లో ఒరోమో అట. మా పట్టీల్లో అతని దేశం లేదు గానీ ఆ ప్రశ్న నాకు బాగా తగిలింది. ఇంట్లో మా నాన్న గుడివాడ తెలుగు, హాల్లో యాదమ్మక్క తెలుగు, లోడింగ్ కుర్రాళ్లతో హిందీ. ఇన్ని మాట్లాడుతూ దేశాలవాళ్లందరికీ మాత్రం ఒక్కో భాషే పంచిపెట్టాను.

ఆ తర్వాత స్విట్జర్లాండ్. అది మా ఎర్ర పట్టీ. ఒకే కాగితం మీద మూడు రకాల రాత ఉంటుంది. ఆ బల్ల దగ్గరున్నావిడ జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్ అని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. పోయిన నెల ఆ కాగితాలే ప్రింటు కలిసిపోయిందనుకుని రెండు కట్టలు రిజెక్ట్ డబ్బాలో వేసి తిట్లు తిన్నాను.

"నేను జెప్పలేదా?" అంది యాదమ్మక్క. "ఆడోళ్లు మూడు మాటలు మాట్లాడ్తరేమో అన్న. నువ్వు ఇన్నవా?"

నిజమే, ఆమె అప్పుడే అంది. నేనే కొట్టిపారేశాను.

అసలు సంగతి అక్కడి నుంచి మొదలైంది. నా మిగతా బొమ్మలు ఎవరికీ అర్థం కాలేదు. గుండ్రాలు, చుక్కలు, గీతలు, అన్నీ ఒకేలా ఉన్నాయి. నేను నీరుగారిపోయి నిలబడితే, యాదమ్మక్క బిస్కెట్టు నములుతూ ఒక బల్ల మీద పోస్టు కార్డు తీసింది. "గిది నీలం పట్టీ." అది డెన్మార్క్ బల్ల. నా నీలం బొమ్మతో పోల్చి చూస్తే సరిగ్గా అదే, మధ్యలో గీటు పడిన సున్నా. పక్క బల్ల మీద చిన్న పుస్తకం చూసి, "గిది తెల్లది" అంది. పోలిష్. అలా బల్ల తర్వాత బల్ల. ఒక్కటీ తప్పలేదు.

"ఎలా గుర్తుపట్టావక్కా?"

"రోజు మడ్తవెట్టేదే గద. మన బర్రెను మందల గుర్తువట్టమా?"

ఒంటిగంటకల్లా తొమ్మిదీ తేలాయి. అరవై రూపాయల కూపనుతో భోజనం. ఇథియోపియా రొట్టె తిని, "మన దోశనే, జెర పులిసింది" అని యాదమ్మక్క ఇంకోటి అడిగి వేయించుకుంది.

3:20కి తిరుగు బస్సు. సీట్లు ఖాళీ. రుద్రారం దాటాం. యాదమ్మక్క కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగింది.

"సుజాతా, గా పేర్లు నాకు గూడ నేర్పుతవా?"

"ఎందుకక్కా?"

"నేను గూడ సోమారం నిలవడ్త. ఎవలైన పేరియ్యొచ్చు అన్నడు గద సారు."

నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. తోడు కోసం తీసుకొస్తే పోటీకి వస్తుందా? పేర్లు నా దగ్గరున్నాయి, కన్ను ఆమె దగ్గరుంది. నేను నోరు మూసుకుంటే సోమవారం గట్టెక్కుతాను. ఇస్నాపూర్ వచ్చేదాకా నోరు మూసుకునే ఉన్నాను. కానీ ఆమె హాల్లో నిలబడి పద్దెనిమిదేళ్లు. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు మోకాలు పట్టుకుని ఎక్కడం రెండుసార్లు చూశాను ఆరోజు.

"పచ్చది బ్రెజిల్" అన్నాను చివరికి. "మనిషి బ్రెజిలియన్, భాష పోర్చుగీస్."

"బ్రెజిల్, బ్రెజిలియన్, పోర్చుగీస్."

రెండు పేర్లు చెప్పేసరికి నా కోపం ఎటు పోయిందో. ముత్తంగి జామ్‌లో బస్సు పావుగంట ఆగడం మాకు కలిసొచ్చింది. కండక్టరు కూడా వచ్చి నిలబడి విన్నాడు. జామ్ తెరుచుకునేలోపు తొమ్మిదీ చెప్పింది. అప్పుడు ఆమె నాకు పరీక్ష పెట్టింది. కాగితాలు ఎలా ఉంటాయో చేత్తో గాలిలో గీసి చూపించింది. నేను రెండు తప్పాను.

4:35కి పటాన్‌చెరు. ఈ ప్రయాణంలో నేను తెలుసుకున్నది ఇదీ: దూరదేశం మనిషి ముందు నిలబడి పేరుపెట్టి పలకరిస్తే, ఆ దేశం మన వీధి చివరికి వచ్చేస్తుంది. ఎవరైనా వెళ్లొచ్చు, ఖర్చుకు వంద రూపాయలే ఎక్కువ.

గుమ్మడిదల బస్సు అప్పటికే కదులుతోంది. యాదమ్మక్క మోకాలు సంగతి కూడా మరిచి ఉరికి ఎక్కి, కిటికీలోంచి తల బయట పెట్టి, బస్టాండంతా తిరిగి చూసేలా అరిచింది. "స్విట్జర్లాండ్! స్విస్! మూడు మాటలు!"

సోమవారం నేను ఓడిపోతే, నేను నేర్పిన పేర్లతోనే ఓడిపోతాను. అది తెలిసీ బస్సు వెంట నాలుగడుగులు పరుగెత్తాను.

"మూడు మాటలంటే చాలదక్కా! జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్ అని పేర్లు చెప్పాలి, లేకపోతే ఒప్పుకోరు!"