మా ఇంట్ల పుట్టిన డిటెక్టివ్ పిల్ల

ఆ డిటెక్టివ్ పిల్ల పుస్తకాలు చాన ఏండ్లు వచ్చినయి. బస్టాండు దుకాణాలల్ల తాడుకు వేలాడుతుంటే నేనే చూసిన. రాసేటోళ్లు ఎంతమంది మారిండ్రో తెల్వదుగానీ అట్ట మీద మాత్రం మొదటినుంచి ఒకటే పేరు, ఒక మగాయన పేరు. ఆ పేరుగల మనిషి ఎన్నడు లేడు. పట్నంల ప్రెస్సు పెట్టుకున్నాయన తన మనసుకు తోచింది పెట్టిండు. మొదటి ఆరు పుస్తకాలు రాసింది మా బాపు. రాయించింది మా అక్క.

బాపు ఇబ్రహీంపట్నం బడిల పంతులు. బడిల అంతా ఉర్దూ. తెలుగు మాకు ఇంట్లనే నేర్పిండు. సర్కారు నౌకరి చేసే మనిషి తెలుగుల కథలు రాస్తుండని తెలిస్తే ఏం మాట వస్తదో అని పుస్తకం మీద తన పేరు వద్దన్నడు. అక్కకు అప్పుడు పద్నాలుగేండ్లు, నాకు ఏడు. మా నడుమ పుట్టినోళ్లు ఇద్దరు బతకలే.

బాపుకు ఎవరో బెజవాడ దిక్కునుంచి డిటెక్టివ్ పుస్తకాలు తెచ్చిచ్చేటోళ్లు. వాటిల్ల డిటెక్టివ్ ఎప్పుడూ మగోడే, టోపీ పెట్టుకొని చుట్ట తాగుకుంట తిరుగుతడు. అక్క అవన్నీ చదివి నవ్వేది. "ఈ టోపీ ఆయన మన ఊరికొస్తే ఎవరన్న నోరిప్పుతరా బాపు? ఆడోళ్లు తలుపేసుకుంటరు. గదే ఒక ఆడపిల్ల పోయి పలకరిస్తే ఇంట్ల సంగతంతా చెప్తరు" అన్నది.

ఆ మాట ఊకనే అనలే. అంతకు కొన్ని దినాల ముందు ఒక పెద్దింట్ల జరీ చీర పోయింది. బట్టలుతికే ఆమె తిరిగి ఇయ్యలేదన్నరు. ఆమెను, ఆమె పెనిమిటిని పొద్దంత ఎండల వాకిట్ల నిలబెట్టిండ్రు. అక్క సల్ల తెచ్చుకునేతందుకు ఆ ఇంటికి పోయింది. పెరట్ల దుప్పట్ల చాటుకు ఆరేసిన ఒక చీరకు కొంగు మూల కత్తిరించి కొత్తగా కుట్టినట్టు కనబడ్డది. ఉతికే ఆమె ప్రతి ఇంటి బట్టకు ఆ మూలకే జీడిరసంతోటి గుర్తు పెడ్తది. గుర్తు కత్తిరించిన్రంటే ఆమె కాడికి పోయిన చీర ఇంటికి తిరిగి వచ్చిందన్నట్టే, ఎవరో దాస్తున్నట్టే. చిన్నకోడలు దాన్ని పుట్టింటికి పంపుదామని దాచుకొని, అత్తకు భయపడి అబద్ధమాడింది. అక్క పోయి ఆ ఇంటి ముసలామెకు చూపించింది. వాకిట్ల నిలబడ్డోళ్లను ఇంటికి పొమ్మన్నరు.

ఆ చీర కథే మొదటి పుస్తకమైంది. బాపు బడినుంచి వచ్చినంక అరుగు మీద కూసొని రాస్తుండె, రాసింది రాసినట్టు పైకి చదువుతుండె. అక్క పొయ్యి కాడ రొట్టెలు చేసుకుంట వినేది. "ఆ పిల్ల గోడ దుంకదు బాపు, లంగా అడ్డం పడ్తది. గొడ్లకొట్టంలకెళ్లి పోతది" అనేది. బాపు కొట్టేసి మళ్ల రాసేది. కాగితాలకు స్కేలుతోటి గీతలు కొట్టుడు నా పని.

పుస్తకాలు చదివినోళ్లకు తెల్వని సంగతులు చానా ఉన్నయి. ఆ పిల్ల తండ్రి పుస్తకంల దర్జీ. పంతులని రాస్తే బాపును గుర్తుపడ్తరని అట్ల రాసిండు. మాకు దర్జీ పని ఏం తెల్వదు, అందుకే ఆయన ఎప్పుడు చూసినా గుండీలే కుట్టుకుంట కనబడ్తడు. పిల్ల చేతికి పిస్తోలు అక్క ఇయ్యనియ్యలే. మొదటి పుస్తకంల ఆ పిల్లకు చెల్లె లేదని నేను అన్నం తినకుండ ఏడ్చిన. రెండో దాంట్ల చెల్లె వచ్చింది, కానీ ప్రతిసారి అసలు పని మొదలయ్యే యాళ్లకు నిద్రపోతది. అది అక్క చేసిన పనే.

టార్చిలైటు సంగతి వేరే. ప్రెస్సాయన కాడ ఆడమనిషి బొమ్మ బ్లాకు ఒక్కటే ఉండె, ఎన్నడో పేపర్ల వేసే బ్యాటరీల ఇష్తిహారు కోసం చేయించింది. కురచ జుట్టు, చేతిల టార్చిలైటు. దాన్నే అట్టకు వేసిండు. అక్క ఆ అట్ట చూసి రెండు దినాలు బాపుతోటి మాట్లాడలే. అట్ట మార్చనని ప్రెస్సాయన తెగేసి చెప్పేసరికి, మూడో పుస్తకంల బాపు ఆ పిల్లకు ఒక టార్చిలైటు ఇప్పించక తప్పలే. మా ఇంట్ల ఉన్నది ఒక కందిలి, అంతే.

నాలుగో పుస్తకం నాటికి రజాకార్ల కాలం వచ్చింది. బడి సగం దినాలు మూతే. మగోళ్లు పొద్దుగాలనే చేన్లల్లకు పోయి దాక్కునేటోళ్లు. మూటలు నెత్తిన పెట్టుకొని పట్నం దిక్కు పోయేటోళ్లను మేం వాకిట్ల నిలబడి చూసేది. అక్క ఆ దినాలల్లనే గంప నెత్తిన పెట్టుకొని అమ్మమ్మ ఊరికి పోవుడు మొదలుపెట్టింది. అది మహేశ్వరం తొవ్వల ఉంటది. అమ్మమ్మకు బాగలేదని, పిండి ఇచ్చొస్తనని అమ్మకు చెప్పేది. రెండు మార్లు నన్ను తోల్కపోయింది. చిన్నపిల్ల వెంట ఉంటే ఎవరు ఆపరు. జొన్నపిండి కింద గుడ్డల చుట్టిన చిట్టీలుండేవి. ఊరు మొదట్ల రెండో ఇంట్ల ఒక ముసలాయన ఉండె, అక్క వాటిని ఆయనకు ఇచ్చేది. అవి ఏందని అడిగితే "డిటెక్టివ్ పని. ఎవరికి చెప్పద్దు" అన్నది. నేను నమ్మిన. దొరల మీద, రజాకార్ల మీద కొట్లాడే సంగం అంటే ఏందో నాకు అప్పుడు తెల్వదు.

పోలీస్ యాక్షన్ అయి మిలిటరీ వచ్చిన దినం అమ్మ ఇల్లు అలికి ముగ్గేసింది. ఊరంతా ఊపిరి పీల్చుకున్నది. తర్వాత కొన్ని దినాలకే మిలిటరోళ్లు బడిల దిగిండ్రు, సంగపోళ్ల కోసం ఊరూరు దేవులాడుడు షురువైంది. కొలువు పోయిందో ఉన్నదో తెల్వక బాపు ఇంట్లనే నలుగురు పిల్లలకు చదువు చెప్తుండె.

ఒకనాడు పగటిపూట నేను అరుగు మీద కూసొని నాలుగో పుస్తకం చదువుతున్న. తెల్లధోతి కట్టుకున్న మనిషి వచ్చి పక్కన కూసున్నడు. మాట మన దిక్కు మాట కాదు. "ఈ పుస్తకాలు నేనూ చదివాను అమ్మాయీ, చాలా బాగుంటాయి" అన్నడు. నాకు సంబురమైంది.

"గా పిల్ల మా అక్కనే" అన్న.

ఆయన నవ్విండు. నిజంగనే డిటెక్టివా అని అడిగిండు. నమ్మలేదనుకొని నేను అన్నీ చెప్పిన. గంప, పిండి, పిండి కింద చిట్టీలు, ఏ తొవ్వ, ఎన్నో ఇల్లు. ఆయన ఓపికగా విన్నడు. నా నెత్తి నిమిరి పోయిండు.

తెల్లారి మధ్యాహ్నం మిలిటరోళ్లు వచ్చిండ్రు. అక్క పొయ్యి కాడ ఉన్నది. చేతుల పిండి కడుక్కొని, పెనం మీది రొట్టె మాడుతది తిరగెయ్యమని అమ్మకు చెప్పి వాళ్ల వెంట పోయింది. అదే దినం అమ్మమ్మ ఊర్ల ముసలాయనను పట్టుకపోయిండ్రు. ఆయన మళ్ల ఇంటికి రాలే. ఎట్ల సచ్చిపోయిండో ఆయన ఇంటోళ్లకు ఎవరు చెప్పలే.

అక్క ఎనిమిది నెలలు పట్నం జైల్ల ఉన్నది. బాపు ఎన్నో మార్లు పోయిండు, రెండు మార్లే చూడనిచ్చిండ్రు. ఆ ఎనిమిది నెలలు నేను ఎవరికి ఏం చెప్పలే. అన్నం తినకుండ కంచం పక్కకు జరిపేది. పిల్ల అక్క కోసం బెంగ పెట్టుకున్నదని అమ్మ దిష్టి తీసేది.

విడిచిపెట్టినప్పుడు అక్క సగమైంది. దగ్గు ఆగకపోతుండె. దవాఖానల క్షయ అన్నరు, పిల్లలను దగ్గరికి రానియ్యద్దన్నరు. ఆమెను వెనక అర్రల పండుకోబెట్టిండ్రు, నేను కడప బయట కూసునేది. ఒక మాపటికి అమ్మ నీళ్లకు పోయిన యాళ్ల చెప్పిన.

"అక్కా, గా ధోతాయనకు చెప్పింది నేనే."

"తెల్సు" అన్నది. "పిండి కింద అని వాళ్లు అడిగినప్పుడే తెల్సింది. గా ముచ్చట మనిద్దరికే తెల్సు గద."

"బాపుకు చెప్పినవా?"

"లే. డిటెక్టివ్ పని అని నీకు చెప్పింది నేను. నువ్వు నమ్మినవ్. ఇందుల నీ ఒక్కదాని తప్పేముంది?"

ముసలాయన సంగతి అడిగిన. అక్క గోడ దిక్కు తిరిగింది.

ఆరో పుస్తకం కావాలని ప్రెస్సాయన కబురు పంపిండు. బాపుకు రాయబుద్ధి కాలే. అక్కనే రాయమని పట్టుబట్టింది. బాపు కడప కాడ పీట వేసుకొని కూసునేది. ఆ కథల ఒక ఊరోళ్లు గింజలు దాచిన పాతర సంగతి ఎవరో బయటపెడ్తరు. ఎవరు చెప్పిండ్రో కనిపెట్టుడు ఆ పిల్ల పని. ఆఖరి అధ్యాయం అక్క తనే చెప్పింది. ఊరంతా కూసొని ఎవరని అడిగితే ఆ పిల్ల "తెల్సింది, కానీ చెప్ప" అని లేచి ఇంటికి పోతది.

బాపు కలం ఆపిండు. "డిటెక్టివ్ కథల పేరు చెప్పకుంటే ఎట్ల బిడ్డా? చదివేటోళ్లు ఒప్పుకోరు."

"ఒప్పుకోకుంటే మానె. రాయి బాపు."

బాపు కలం మళ్ల సిరాల ముంచిండు. ఆమె చెప్పినట్టే రాసిండు. నేను పక్కన గీతలు కొట్టుకుంట కూసున్న. తల ఎత్తలే.

పుస్తకం అచ్చయి వచ్చేనాటికి అక్క లేదు. ఆమెకు పదిహేడు నిండలే. ఆఖరి పేజీలు చినిగిపోయిన కాపీ వచ్చిందని చదివినోళ్లు ప్రెస్సుకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసిండ్రంట. రెండో అచ్చుల ప్రెస్సాయన కింద పెద్ద అక్షరాలతోటి 'సమాప్తం' అని వేసిండు. ఆ ముగింపు అచ్చుతప్పని అనుకునేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు.

బాపు మళ్ల రాయలే. ప్రెస్సాయన వేరే ఎవరితోటో రాయించిండు. ఏడో పుస్తకంల ఆ పిల్ల చేతికి పిస్తోలు వచ్చింది, "వచ్చాను, వెళ్లాను" అని మాట్లాడింది. చెల్లె సంగతే లేదు. బాపు నాలుగు పేజీలు చదివి పక్కన పెట్టిండు. తెలుగు బడి వచ్చినంక మళ్ల పంతులై, ఉన్నన్ని దినాలు పిల్లలకు చదువు చెప్పిండు. నేను చేసింది ఆయనకు చెప్పాలని ఎన్నో మార్లు అనుకున్న. చెప్పకముందే పోయిండు.

నాకు నౌకరి వచ్చినంక ఒకనాడు అమ్మమ్మ ఊరికి పోయి రెండో ఇంటి తలుపు కొట్టిన. ముసలాయన కోడలు ఉన్నది. ఫలానా పంతులు బిడ్డనని చెప్పంగనే లోపలికి పిలిచి చాప వేసింది. మీ అక్క బంగారమసోంటి పిల్ల, మా మామ ఆమెను సొంత మనుమరాలి లెక్క చూసుకునేది అన్నది. ఆయన అంగీ ఒకటి పెట్టెల దాచింది, తీసి చూపించింది. ఎవరు పట్టిచ్చిండ్రో ఇప్పటికీ తెల్వలే బిడ్డా అన్నది.

నేను చెప్పేతందుకే పోయిన. ఆమె పప్పు, అన్నం పెట్టింది. తిన్న. చెయ్యి కడుక్కొని, పిల్లలు పెద్దగైండ్రా, ఏం చదువుతున్నరని అడిగి, బస్సు యాళ్లయితుందని లేచిన. ఆమె తొవ్వ దాక వచ్చి సాగదోలింది.