శుక్రవారం చెక్కులు

ఆ వేసవిలో నాకు ఎవరు ఫోన్ చేసినా హలో అనకముందే ఈ సంగతి చెప్పేసేదాన్ని. అప్పుడే ఫైనాన్స్‌లో డిగ్రీ చేతికొచ్చింది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. అయినా అందరికీ నా డిగ్రీ గురించి కాదు, అమ్మ నోటు గురించే చెప్పాను.

ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఒక ఇండియన్ గ్రోసరీ స్టోర్ వెనక ఉన్న కర్రీ పాయింట్‌లో అమ్మ వంట చేసేది. ఓనర్ అంకుల్ దాన్ని అమ్మేద్దామనుకుని ముందు అమ్మనే అడిగారు.

"నెలాఖరు దాకా ఆగుతాను చెల్లెమ్మా. ఆ తర్వాత వేరేవాళ్లకి ఇచ్చేస్తా, ఏమనుకోకు."

అమ్మ దగ్గర ఉన్నదల్లా ఒక ప్రామిసరీ నోటు. నాన్న పోయాక మా పాత ఇంటిని ఒక పెయింటర్‌కి అమ్మింది. అతనికి ఏ బ్యాంకూ లోన్ ఇవ్వలేదు. అందుకని మా అమ్మే అతనికి బ్యాంకయింది. కొంత ముందు తీసుకుని, మిగతాది ఆ ఇంటి తాకట్టు మీద నెలనెలా కట్టేలా రాయించుకుంది.

"అలాంటి నోట్లు కొనేవాళ్లున్నారమ్మా. కొంత తగ్గించి ఒకేసారి క్యాష్ ఇస్తారు. ఇకమీదట వాయిదాలన్నీ వాళ్లకి వెళ్తాయి."

"వాళ్లకేం పిచ్చా?"

"వడ్డీ మిగులుతుంది."

"అయితే పిచ్చి కాదు," అంది అమ్మ.

ఫీనిక్స్‌లో ఒక పెద్దాయన దొరికాడు. ఆయన చెప్పిన ధర కర్రీ పాయింట్‌కి సరిగ్గా సరిపోయేది. కానీ మా బ్యాంకు స్టేట్‌మెంట్లు చూశాక బాగా కోసేశాడు. ఒకటో తారీఖున రావాల్సిన డబ్బు మూడున, ఆరున, ఏడున పడుతోందనీ, ఇలా కట్టేవాణ్ని నమ్మలేననీ అన్నాడు. నాకు ఆ పెయింటర్ మీద ఒళ్లు మండిపోయింది.

"ఆయన టైమ్‌కి కట్టట్లేదటగా. నాకెందుకు చెప్పలేదమ్మా?"

అమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ తల కూడా ఎత్తలేదు. "ఎవరన్నారే? పాపం, వాడు ఒకటో తారీఖు పొద్దున్నే వస్తాడు. నేనే శుక్రవారం రమ్మని పంపించేస్తాను. మంగళవారంనాడు డబ్బు ఎవరైనా పుచ్చుకుంటారా?"

నా నాలుగేళ్ల చదువులో ఏ ప్రొఫెసరూ ఈ రిస్క్ గురించి చెప్పలేదు.

మర్నాడే అమ్మనీ, పెయింటర్‌నీ కార్లో ఎక్కించుకుని ఆ పెద్దాయన ఆఫీసుకి తీసుకెళ్లాను. ఎందుకు లేటని ఆయన పెయింటర్‌ని ఇంగ్లీషులో అడిగాడు.

"లేటు నాది కాదు సార్. ఈవిడే తీసుకోదు. కూర్చోబెట్టి ఇడ్లీ పెడుతుంది, చెక్కు మాత్రం వెనక్కిచ్చేస్తుంది."

"డబ్బు వద్దంటుందా?"

"ఏమంటున్నాడే?" అంది అమ్మ.

"డబ్బు వద్దన్నావా అని అడుగుతున్నాడు."

"వద్దనలేదని చెప్పు. శుక్రవారమైతే లక్ష్మి ఇంట్లో నిలుస్తుంది. నాలుగు రోజులాగితే ఏం పోయింది?"

"అలా ఆగినందుకే ధర పోయిందమ్మా."

అమ్మ ఇక నన్ను నమ్ముకోలేదు. ఆయన వైపు తిరిగి, "ఫ్రైడే, మై రూల్. హీ, గుడ్ మ్యాన్," అంది.

ఆయన కంప్యూటర్‌లో క్యాలెండర్ తెరిచి, స్టేట్‌మెంట్లు పక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత స్క్రీన్ మా వైపు తిప్పాడు. ప్రతి చెక్కూ ఆ నెల మొదటి శుక్రవారమే పడింది. ఒక్కటి కూడా తప్పలేదు. జరిగింది ఒక కాగితం మీద రాసి అమ్మతో, పెయింటర్‌తో సంతకాలు పెట్టించుకుని పాత ధరకే ఒప్పుకున్నాడు.

నాకు అది చాలలేదు. ఇంత క్రమంగా కట్టే మనిషి ఉన్న నోటుకి బదిలీ ఖర్చులు కూడా మేమే ఎందుకు పెట్టుకోవాలని అడిగేశాను. ఆయన నవ్వి, రిజిస్ట్రేషన్ ఖర్చులు తనే భరిస్తానన్నాడు. డిగ్రీ పట్టా పుచ్చుకున్న రోజు కూడా నేను అంత నిటారుగా నడవలేదు.

నెలాఖరుకి ముందే డబ్బొచ్చింది, కర్రీ పాయింట్ అమ్మదైంది. మొదటి రోజే ప్లంబర్‌ని పిలిపించి, గ్యాస్ పైపు జరిపించి, గోడ వైపున్న దోసెల పెనాన్ని జనం కూర్చునే వైపుకి తిప్పించింది.

"ఎందుకు చెల్లెమ్మా అనవసరంగా ఖర్చు, బాగానే ఉండేదిగా?" అన్నారు అంకుల్.

"మీకు బాగానే ఉండేది అన్నయ్యగారూ. ఇన్నేళ్లూ గోడని చూసింది నేను కదా," అంది అమ్మ, ఆయనకి మొదటి దోసె పోస్తూ.