మునగాకు మేడమ్

తార్నాకలో మా మేడమ్ పోయారని మొన్న ఆదివారం పొద్దున తెలిసింది. సంతాప సభలో ఒకాయన ఆమెను శాంతమూర్తి అన్నారు. నేను ఒప్పుకోను. ఆమె దగ్గర చేపల మేత మీద రీసెర్చి చేసినవాణ్ణి, ఆ శాంతం ఎంతో నాకు తెలుసు.

అరవైల చివరి మాట. యూనివర్సిటీలో మా డిపార్టుమెంటు వెనక రెండు సిమెంటు తొట్లుండేవి. ఒకదానిలో శీలావతి చేపపిల్లలకు ఉత్త తవుడు, వేరుశనగ చెక్క. రెండోదానిలో అదే మేతకు ఎండబెట్టి దంచిన మునగాకు కలిపేవాళ్లం. ఆకు కోసం మేడమ్ మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఇల్లిల్లూ తిరిగేవారు. చేపలకు మునగాకేమిటని ఆడవాళ్లు నవ్వితే, "నవ్విన నాపచేనే పండుతాది" అని ఇంకో కొమ్మ వంచమనేవారు. కడప మనిషి, మొహమాటం ఎరగరు.

ఏడాది తర్వాత తూకం వేస్తే రెండు తొట్ల చేపలూ సమానంగా ఎదిగాయి. ఆకు దండగని హెడ్డుగారు తేల్చేశారు. రోజూ మేత వేసే అటెండరు మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చేవాడు. అతనే మేడమ్ ముందు నిలబడి ఒప్పుకున్నాడు, ఉత్త తవుడు తొట్టిలో కూడా రోజూ ఇంత ఆకుపొడి వేశానని.

"గా తొట్ల చేపలేం పాపం చేసినయ్ మేడం? పక్కదానికి పెట్టి వీటికి పెట్టకుంటె మనసొప్పలె."

నాకు ఒళ్లు మండింది. హెడ్డుగారు అతన్ని తీసేయాలని కాగితం రాయించి మేడమ్ సంతకం అడిగారు. ఆమె చదివి, మడిచి, ఆయన టేబుల్ మీదే పెట్టేశారు.

"దీని మీద పెట్టను సార్. కావాలంటే నా రాజీనామా రాయించండి, దాని మీద పెడతా. ఆ తొట్టికి ఆకు ఎందుకు వేయకూడదో ఆయప్పకు నేను చెప్పలేదు. తప్పు నాది."

బయటికొచ్చాక, మళ్లీ మొదలుపెడదాం, ఏడాదే కదా అన్నారు. నా పెళ్లి ఆ డిగ్రీతో ముడిపడి ఉందని గొణిగాను. వినిపించుకోలేదు. చేశాం. ఈసారి మునగాకు చేపలే బాగా ఎదిగాయి. ఇవాళ ఆకుల మేత గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఆమెను తలవరు. తలవకపోతే మానె, నేను తలుస్తాను.

ఆ రెండో ఏడంతా మేత వేసింది ఆ అటెండరే. ఇంకెవరికైనా అప్పజెప్పమంటే ఆమె ససేమిరా అన్నారు. మునగాకు తొట్టి దగ్గర అతను చేపలతో కబుర్లు చెబుతూ వేసేవాడు. ఉత్త తవుడు తొట్టి దగ్గరికి రాగానే మొహం అవతలికి తిప్పుకుని, చెయ్యి మాత్రం చాపి చల్లేవాడు. మొదటి గుప్పెడు గట్టు మీద పడేది. మేడమ్ పక్కనే నిలబడి, "రోంత ఎడమకు, అప్పా... ఇంకా రోంత... ఆ, పడింది" అని చెబుతుండేవారు.