యూరియా లైన్లో నా చెప్పులు

రాజు కింది ప్రజలు దేశ పౌరులుగా ఎలా మారారో పొద్దున ఎనిమిదో తరగతికి సగం చెప్పాను. సాయంత్రం మా పొలానికి యూరియా కోసం దంతాలపల్లి వెళ్తే, గోదాం ముందు రైతుల చెప్పులు బారుగా ఉన్నాయి. నావీ చివరన విడిచి, నీడలో కూర్చున్న మల్లయ్య బాపు పక్కన కూలబడ్డాను.

“మా నాయిన దొర గడి ముంగటికెళ్లి పోవాల్నంటె చెప్పులు చేతుల పట్టుకునేటోడు సార్.”

“ఇప్పుడా బాధ లేదు కదా బాపు.”

“లేదు. ఇప్పుడు మన బదులు చెప్పులే నిలబడ్తున్నయ్.”

పొద్దుగూకాక, లారీ రేపొస్తుందన్నారు. చెప్పులు తీస్తే వంతు పోతుందట. వాటిని అక్కడే వదిలి వట్టి కాళ్లతో ఇల్లు చేరాను.

పాఠంలో మిగిలిన సగం రేపు చెప్పాలి. పిల్లలకు ఏమని చెప్పమంటారు?