గాటు చూసే జకరయ్య

నాచారంలో పాత కంప్యూటర్ల సామాను అమ్మే జకరయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు చేతికిస్తే, దాని మీది స్టిక్కర్‌ను చూడనైనా చూడడు. బొటనవేలితో చిప్పు మీద దుమ్ము తుడిచి, అంకెలు చదివి, అడుగు అంచున వరసగా ఉండే బంగారు రంగు పళ్ళ మధ్య గాటు ఎక్కడుందో గోటితో తడుముతాడు. ఏ కాలపు కార్డో, ఏ మదర్‌బోర్డులో పెట్టాలో ఆ గాటే చెబుతుందంటాడు. సరైనదని తేలితే, అమ్మేముందు వెనకవైపు, ఎన్నటికీ చెరగకుండా, నెయిల్ పాలిష్‌తో ఎర్ర చుక్క పెడతాడు.

మొన్న చిల్కానగర్‌లో ఎంబ్రాయిడరీ షాపు నడిపే సత్యవేణి, కాలిపోయిన బోర్డునూ అందులో పెట్టిన కార్డునూ పట్టుకొచ్చింది. "మా మిషన్ నడిపే కంప్యూటర్‌లోవండీ ఇవి. పెళ్ళివాళ్ళ బ్లౌజులన్నీ ఆగిపోయాయి," అంది. కార్డు అడుగు తడమగానే జకరయ్య మండిపడ్డాడు. "ఎవడో ఆకురాయితో రాకి దొంగ గాటు పెట్టిండమ్మా! గందుకే బోర్డు కాలింది. స్టిక్కర్ సూసి గిది నీకు అంటగట్టిన గాడిదెవడు? కండ్లు లేవా వానికి?" సత్యవేణి కార్డును వెనక్కి తిప్పింది. ఎర్ర చుక్క. జకరయ్య దాన్ని గోటితో గీకాడు. పళ్ళు బిగించి మళ్ళీ గీకాడు. అది చెరగలేదు.