రేడియేటర్‌లో మిరపకారం

ఆ రోజుల్లో డ్రైవింగ్ లైసెన్సు చేతికొచ్చిన మనిషి నేల మీద నడవడం మానేసేది. మనిషి అంటే ఇంకెవరు, నేనే. నరసరావుపేటలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో కొత్త ఉద్యోగం, పర్సులో కొత్త లైసెన్సు (అందులో నా ఫొటో దొంగను పట్టుకున్నప్పుడు తీసినట్టుండేది, అది వేరే సంగతి), ఇంటి ముందు నాన్న ఎవరి దగ్గరో కొన్న పాత కారు. ఇంతకంటే ఏం కావాలి? అయితే ఆ కారుకి తీరని దాహం. వారం తిరక్కుండానే ఇంజన్ని చల్లబరిచే కూలెంటు అయిపోయేది. పోస్తే మళ్ళీ అయిపోయేది. పోనీ కింద కారుతోందా అంటే చుక్క కనపడదు. నాన్న రోజూ కారు కింద పాత పేపరు పరిచి, పొద్దున్నే వంగి చూసి, "పొడిగానే ఉందే!" అంటూ నడుం పట్టుకుని లేచేవాడు. చూసిన మెకానిక్కులందరూ లీకే లేదన్నారు. అమ్మ దిష్టి తగిలిందని నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టించింది. పక్కింటి మావయ్య మాత్రం "తాగుడు మరిగిన బండి, ఇంక మానదు" అని తేల్చేశాడు.

నాన్నకు ఓపిక తక్కువ. ఒకరోజు అన్నం తింటూ, "ఆదివారం సత్తెనపల్లి నుంచి బేరగాళ్ళొస్తన్నారు. ఈ దరిద్రాన్ని ఇచ్చేస్తన్నా" అన్నాడు. ఏడ్చాను, అలిగాను, రాత్రి అన్నం మానేశాను (వంటింట్లో అరటిపళ్ళు తిన్నాను, అది లెక్కలోకి రాదు). చివరికి నాన్న ఒక మెట్టు దిగాడు. "శుక్రవారం మీ నాయనమ్మని మాచర్లలో మీ మేనత్త ఇంటి కాడ దింపాలిగా. దారిలో యాడా ఆగకుండా పో. పోతే బండి నీది. ఆగావా, ఇంక దాని ఊసెత్తమాక" అన్నాడు. శుక్రవారం మా అత్త కూతుర్ని పెళ్ళికూతుర్ని చేస్తున్నారు. సాయానికని అమ్మ ముందే వెళ్ళింది. నాన్నకు చేలో కోతలు, సాయంత్రం బస్సుకి వస్తానన్నాడు.

నాయనమ్మ ముందు సీట్లో కూర్చుని సంచి ఒళ్ళో పెట్టుకుంది. అందులో రెండు డబ్బాలు. ఒకదాంట్లో పెళ్ళికూతురి నలుగుకి తానే దగ్గరుండి దంచించిన పసుపు, రెండోదాంట్లో కూతురింటికి కొత్త మిరపకారం. కారు కదిలిన దగ్గర్నుంచీ ఆవిడకి పూనకమే. "ఏమే, ఆ లారీవోణ్ణి దాటవేందే! ఆ బైకోడు మనకంటే మొనగాడా?" నేనూ రెచ్చిపోయాను. ఇద్దరం గాల్లో తేలిపోతూ కారంపూడి దాటాం. అప్పుడు నాయనమ్మ డాష్‌బోర్డు వైపు వంగి చూసి, "ఆ ముల్లేందే పిల్లా, పన్నెండు కొట్టబోతంది?" అంది. అది గడియారం కాదు, టెంపరేచరు. ఆ మాట నేను చెప్పేలోపే బానెట్ సందుల్లోంచి పొగలొచ్చాయి. ఆపక తప్పలేదు. నా కారు నాకు కాకుండా పోయిందని స్టీరింగు మీద తలపెట్టి ఏడుపందుకున్నాను.

ఆగింది ఒక మిరప కల్లం పక్కన. ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య కూర్చుని ఆడవాళ్ళు రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. ఎవరో కల్లం గల బాబాయి పరిగెత్తుకొచ్చి, "చల్లారిందాకా రేడియేటరు మూత ముట్టమాకమ్మా, మొహం కాలుద్ది" అన్నాడు. చల్లారాక, బిందెతో నీళ్ళు పోశాక, "లారీవోళ్ళు ఇందులో పసుపు పోస్తారమ్మా. చిల్లు యాడుంటే ఆడికే పోయి పూడ్చుద్ది" అని ఉపాయం చెప్పాడు. నేను ఆశగా సంచి వైపు చూశాను. నాయనమ్మ సంచిని గుండెలకి హత్తుకుంది. "పెళ్ళికూతురు ముట్టాల్సిన పసుపు ముందుగా దీని నోట్లో పోస్తానా? ఇదేమన్నా పెళ్ళికూతురా?" కాసేపు ఆలోచించి రెండో డబ్బా తీసింది. "కారం పొయ్యండి. రెండూ పొడులేగా! పసుపు పూడ్చే చిల్లుని మన కారం పూడ్చలేదా?"

ఇది ఊరి పరువు సమస్య అయిపోయింది. తాలు ఏరే ఆడవాళ్ళు కూడా లేచొచ్చి, "ఎందుకు పూడ్చదు, మన కారం సంగతి తెలవదా ఏంది" అన్నారు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేసే మనిషిగా నేను అడ్డుపడాలి. పడకపోగా మూత తీసి పట్టుకున్నాను. నాయనమ్మ పచ్చడికి కలిపినట్టు ధారాళంగా గుప్పిళ్ళు పోసింది. మూత బిగించి, ఇంజను స్టార్ట్ చేసి వదిలేసి, అందరం బానెట్ చుట్టూ తలలు పెట్టి చూస్తున్నాం. ఇంజను మెల్లగా వేడెక్కింది. ఇంజను వెనకాల ఎక్కడో 'ఉస్స్' మంది.

అంతే! ఆ ఘాటు ఏమని చెప్పను! ముందు బాబాయి తుమ్మాడు. తర్వాత నాయనమ్మ, ఆ తర్వాత నేను, ఆ తర్వాత ఎవరు ఎప్పుడు తుమ్మారో దేవుడికే తెలియాలి. ఎడ్లబండి కింద పడుకున్న కుక్క లేచి దుర్గి ఊరి వైపు పారిపోయింది. "పుట్టిన కాడ్నుంచీ మిరపకాయల్లోనే పెరిగినాం, ఇట్టాంటి ఘాటు చూళ్ళేదమ్మో" అని ఒకావిడ కొంగు మొహానికి కప్పుకుని నవ్వుతోంది. ఏడుస్తోంది కూడా. తడుముకుంటూ వెళ్ళి ఇంజను ఆపేసి, కళ్ళు నులుముకుని చూద్దును కదా, ఇంజను వెనక సన్న రబ్బరు గొట్టం మొదట్లో ఎర్రటి గీత! నెలల తరబడి ఎవరికీ దొరకని చీలిక! అక్కడి చుక్క వేడి ఇంజను మీద పడి అక్కడికక్కడే ఆవిరైపోతోంది, నాన్న పేపరు మీదికి దిగితే కదా. ఇంజను చల్లారితే చీలిక మూసుకుపోతుంది, ఇక మెకానిక్కులకేం కనపడుతుంది?

"దొరికింది నాయనమ్మా!" అని రోడ్డు మీద గంతులేశాను. మళ్ళీ చల్లారనిచ్చి, గోతాల పురికొస కోసే కత్తితో గొట్టం చివర చీలిన ముక్క కోసేసి, మిగిలింది లోపలికంటా తొడిగి, పాత క్లిప్పునే స్క్రూడ్రైవరుతో బిగించాను. కారం నీళ్ళు కిందికి వదిలి, కల్లంలో ఉన్న బిందెలన్నీ పోసి కడిగి, మళ్ళీ మంచినీళ్ళు నింపాం. స్టార్ట్ చేస్తే ముల్లు సగంలో నిలబడింది. నాన్న పెట్టిన షరతు అప్పటికి నాకు గుర్తే లేదు.

మాచర్లలో దిగేసరికి ఇద్దరి కళ్ళూ ఎర్రగా వాచి, ధారలు కారుతున్నాయి, ముక్కులు చీదుకుంటున్నాం. పెళ్ళివారింటికి అలా ఎవరైనా వస్తారా? అత్త మమ్మల్ని చూసి గుమ్మంలోనే కూలబడి, "అన్నయ్యా! నీకేమైంది అన్నయ్యా!" అని శోకం మొదలుపెట్టింది. లోపల్నుంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. కాదని చెబుదామంటే నాకు తుమ్ములు. నాయనమ్మ చెయ్యి ఊపుతుంటే అది పోయాడన్నట్టే ఉంది. చివరికి అమ్మ ఫోను చేసి, "ఏమయ్యా, ఉన్నావా?" అంది. స్పీకర్లో నాన్న గొంతు ఖంగుమంది. "నాకేం, నిక్షేపంలా ఉన్నా. వాళ్ళు యాడ ఆగారంట?"

సాయంత్రం బస్సు దిగిన నాన్న ఇంట్లోకి కూడా రాకుండా నేరుగా కారు దగ్గరికి వెళ్ళాడు. నేను చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాను. బానెట్ ఎత్తి, వాసన చూసి, "ఏందే, కూర వండారా ఇందులో?" అని గట్టిగా తుమ్మాడు. కోసి దాచిన గొట్టం ముక్క చూపించాను. అంతా చెప్పాను. నాన్న దాని మీది ఎర్రటి గీతని వేలితో తడిమాడు. తడిమిన వేలితోనే కన్ను తుడుచుకున్నాడు. ఇంకేముంది, ధారలు! "కారమే" అన్నాడు, నేను అడక్కపోయినా. తర్వాత కొంచెం దూరం జరిగి ఫోన్లో ఎవరితోనో మాట్లాడాడు. "ఆదివారం రామాకండి. ఆ బండి నాది కాదు, మా అమ్మాయిది."

ఇప్పుడున్న కారులో అన్నీ తెర మీదే చెబుతాయి. కూలెంటు తగ్గితే కూడా అదే కూస్తుంది. అయినా ఇంట్లో ఎండుమిర్చి తాలింపు ఘాటు తగిలిందంటే చాలు, నా కళ్ళు ముల్లు కోసం వెతుకుతాయి, ఒక కల్లం పక్కన ఏడుస్తూ గంతులేసే ఆ పిల్ల కనపడుతుంది. పొగరుగా ఉన్నా ముద్దుగానే ఉండేది. నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ కారు బాగుచేసింది తనేనని ఊరంతా చెప్పుకుంది. నేను నవ్వేదాన్ని. పోయే ముందు ఏడాది కూడా ఒకసారి, అదే ముందు సీట్లో కూర్చుని, నా చెయ్యి మీద ఒక్కటిచ్చి అంది: "నవ్వుతావేందే? పసుపైతే చిల్లుని దాచిపెట్టేది. కారం కాబట్టి పట్టిచ్చింది!"